చివావానా, యార్కీనా: ఒళ్లో ఇమిడే కుక్కల్లో ఏది మేలు?

తూకం వేస్తే రెండూ మూడు కిలోల అటూ ఇటూనే. ఒళ్లో ఉన్నంతసేపూ పెద్ద తేడా కనిపించదు, కిందికి దించితే బయటపడుతుంది. యార్కీ, అంటే యార్క్‌షైర్ టెర్రియర్, ముక్కు నేలకు ఆనించి మంచం కిందా, బీరువా వెనకా వెతుకులాట మొదలుపెడుతుంది. చివావా చూపు తన మనిషి మీది నుంచి కదలదు.

యార్కీ కష్టపడి పనిచేసిన వంశంలో పుట్టింది. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి ఉత్తర ఇంగ్లండ్ మిల్లులకు పొట్ట చేతపట్టుకుని వచ్చిన నేతగాళ్ల వెంట చిన్న టెర్రియర్లు కూడా వచ్చాయి. ఎలుకలు పట్టడం వాటి పని. 1865లో పుట్టిన హడర్స్‌ఫీల్డ్ బెన్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా లెక్కిస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో విలియం విన్ అనే అమెరికన్ సైనికుడు పెంచుకున్న స్మోకీ అనే యార్కీ రెండు కిలోలు కూడా ఉండేది కాదు. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవిలో, విమానాశ్రయం కింద 8 అంగుళాల వెడల్పు, 70 అడుగుల పొడవున్న గొట్టంలోంచి అది మెడపట్టీకి కట్టిన దారాన్ని లాక్కుంటూ అవతలికి చేరింది. టెలిగ్రాఫ్ తీగ వేయడం దానివల్లే సులువైంది. ఇంతటి చురుకైన జీవిని రోజంతా సోఫాకే పరిమితం చేయడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

చివావా పేరు మెక్సికోలోని రాష్ట్రానిది. అక్కడి ప్రాచీన ప్రజలైన టోల్టెక్‌లు పెంచిన టెచిచి అనే చిన్న కుక్కలే దీని పూర్వీకులని చెబుతారు. కానీ నేటి చివావాల్లో ఐరోపా కుక్కల వారసత్వమే ఎక్కువని జన్యు పరిశోధనలు చూపాయి. ఒక్కరికే అంటిపెట్టుకుని, కొత్తవారిని చూస్తే మొరిగే స్వభావం దీనిది. చిన్నప్పటి నుంచే పదిమందికీ అలవాటు చేయకపోతే ఆ మొరుగుడు వెనక ఉన్న భయం కరిచేదాకా తీసుకెళ్తుంది.

ఆరోగ్యం విషయంలో రెండింటికీ ఉమ్మడి కష్టాలు చాలానే ఉన్నాయి. పరుగెత్తుతూ ఉన్నట్టుండి వెనక కాలు ఎత్తి, రెండడుగులు కుంటి, మళ్లీ మామూలుగా నడిస్తే మోకాలిచిప్ప పక్కకు జారుతోందేమో పశువైద్యునికి చూపించాలి. శ్వాసనాళం మెత్తగా ఉంటుంది కనుక మెడపట్టీకి తాడు కట్టి లాగకూడదు, ఛాతీకి వేసే పట్టీయే వాడాలి. పెద్ద కుక్కకున్నట్టే 42 పళ్లు ఆ చిట్టి దవడలో ఇరుక్కుని ఉంటాయి, రోజూ తోమకపోతే త్వరగా పాడవుతాయి. పసికూనలకు ఒక పూట తిండి తప్పినా రక్తంలో చక్కెర పడిపోయి తూలిపోవచ్చు.

ఇక వేరువేరుగా చూస్తే, చాలా చివావాలకు నడినెత్తిన పసిబిడ్డ మాడులాంటి మెత్తని చోటు ఉంటుంది. కొన్నింటికి అది జీవితాంతం పూడదు. అదే జబ్బు కాదు గాని తలకు దెబ్బ తగలకుండా చూసుకోవాలి. యార్కీల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టేది కాలేయం సమస్య. కొన్ని పిల్లల్లో పేగుల నుంచి వచ్చే రక్తం కాలేయంలోకి వెళ్లకుండా పక్కదారి పడుతుంది. అలాంటి పిల్లకు ఎదుగుదల సరిగా ఉండదు, తిన్న తర్వాత మత్తుగా, అయోమయంగా తిరుగుతుంది. రక్తపరీక్షలో ఆచూకీ దొరుకుతుంది కాబట్టి ఆలస్యం చేయవద్దు.

వెంట్రుకల పని యార్కీకే ఎక్కువ. పట్టులాంటి ఆ బొచ్చు పెద్దగా రాలదు, కానీ దువ్వకుండా వదిలేస్తే చిక్కుపడి ముద్దకడుతుంది. పొట్టిగా కత్తిరించి ఉంచితే సగం బాధ తప్పుతుంది. పొట్టి బొచ్చు చివావాకు ఆ గొడవే లేదు, చలికి మాత్రం వణుకుతుంది.

నన్నడిగితే, నెమ్మదిగా గడిచే ఇంట్లో, ఒకరిద్దరు పెద్దవాళ్లే ఉంటే చివావా. రోజూ నడకకు తీసుకెళ్లి, ఆడించి, దువ్వే ఓపిక ఉంటే యార్కీ. నా మొగ్గు యార్కీవైపే, దాని ఉత్సాహం ఇంటిల్లిపాదికీ పంచుతుంది. నడక నేర్చుకునే పిల్లలున్న ఇంటికి రెండూ వద్దు. ఒక్కసారి చేతిలోంచి జారిపడినా వాటి సన్నని కాళ్లు విరగవచ్చు.

అమ్మేవాళ్లు మరీ చిట్టి కుక్కపిల్లలకు తగిలించే ‘టీకప్’ అన్న మాట వినిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి. అలాంటి జాతే లేదు. మరీ చిన్నగా పుట్టించాలన్న ఆశతో పైన చెప్పిన జబ్బులన్నింటినీ పెంచుతున్నారు. ఏ పిల్లనైనా తెచ్చుకునే ముందు తల్లిని చూపించమని అడగండి, దాని మోకాళ్లు, గుండె పరీక్షించిన కాగితాలు అడగండి.