విశాఖ బీచ్ రోడ్డులో శీతకాలపు ఉదయ నడక: ఒక సమీక్ష

మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, చిన్నపిల్లలున్న కుటుంబాలు కూడా ఆయాసపడకుండా నడవగల సముద్రతీరపు దారి ఏదని ఎవరైనా అడిగితే, విశాఖపట్నంలో కోస్టల్ బ్యాటరీ అనే చోటి నుంచి ఆర్.కె. (రామకృష్ణ) బీచ్ మీదుగా పార్క్ హోటల్ వరకు సాగే బీచ్ రోడ్డునే నేను ముందుగా చెబుతాను. సుమారు 3 కిలోమీటర్ల ఈ దారిలో పెద్ద ఎత్తుపల్లాలేమీ లేవు. నడకకు వచ్చేవారి కోసం తెల్లవారుజామున ఇక్కడ వాహనాలను ఆపివేస్తారు కాబట్టి, నగరం నడిబొడ్డున ఉన్నా హారన్ల మోత లేకుండా రోడ్డు మధ్యలోనే నిశ్చింతగా నడవవచ్చు. ఈ ఒక్క ఏర్పాటుకే నా మొదటి మార్కు.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు దీనికి మంచి కాలం. వేసవిలో ఏడు గంటలకే ఉక్కపోత మొదలై చెమటతో బట్టలు తడిసిపోతాయి. జనవరిలో ఆ బాధ ఉండదు. ఆ నెలలో సూర్యోదయం దాదాపు ఆరున్నరకు అవుతుంది కనుక, ఆరు గంటలకల్లా కోస్టల్ బ్యాటరీ చేరుకుంటే, ఉత్తరంగా నడుస్తున్నప్పుడు కుడిచేతి వైపు సముద్రం మీద వెలుగు పరుచుకోవడమూ, వెనక్కి తిరిగితే డాల్ఫిన్ నోస్ కొండ ఎర్రబారడమూ ఒకే నడకలో చూడవచ్చు.

కాళీమాత గుడి దాటాక ఈ దారి అసలు విలువ తెలుస్తుంది. 1971 యుద్ధ స్మారకంగా నిలిపిన 'విక్టరీ ఎట్ సీ' దగ్గర తప్పక ఆగాలి. ఆ ఏడాది డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది ఈ తీరానికి ఎదురుగా ఉన్న జలాల్లోనే. ఆ దగ్గరలోనే ఐ.ఎన్.ఎస్. కుర్సురా ఇసుక మీద నిలిచి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001 వరకు సేవలందించిన ఈ 91 మీటర్ల జలాంతర్గామి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. సాధారణంగా మధ్యాహ్నం తరువాతే లోపలికి అనుమతిస్తారు, సోమవారం సెలవు. కాబట్టి ఉదయం నడకలో బయటి నుంచి చూసి, లోపల చూడడానికి మరో పూట పెట్టుకోవడం మేలు. రోడ్డుకు అవతల ఉన్న టీయూ-142 అనే నౌకాదళ గస్తీ విమానాన్ని కూడా అప్పుడే చూడవచ్చు.

లోపాలు లేకపోలేదు. ఎనిమిది దాటితే నీడ దొరకదు. అప్పటికి వాహనాలు కూడా తిరిగి వచ్చేస్తాయి. ఆదివారాలు రద్దీ ఎక్కువ. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం ఇసుక కోత. దక్షిణం నుంచి ఉత్తరానికి అలలు మోసుకువచ్చే ఇసుకకు ఓడరేవు గోడలు అడ్డుపడడంతో బీచ్ సన్నబడుతుంది; రేవు దగ్గర తవ్వితీసిన ఇసుకను ఇక్కడ పోసి ఆ లోటు పూడ్చవలసి వస్తోంది. అలలు పైకి ప్రశాంతంగా కనిపించినా లోపలి లాగుడు బలంగా ఉంటుంది. పిల్లలను నీళ్లలోకి దించవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంకా ఓపిక ఉంటే పార్క్ హోటల్ దగ్గర ఆగకుండా పెదజాలరిపేట దాకా వెళ్లాలి. పడవలు ఒడ్డుకు చేరే వేళకు వెళితే, వలల నుంచి చేపలు విడదీసే పని దగ్గరగా చూడవచ్చు. ఫొటో తీసేముందు వారిని అడగడం మర్యాద. జనవరి నుంచి ఈ తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి; అటవీ శాఖ ఆ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగిస్తుంది. ఇసుకలో అలాంటి కంచె కనిపిస్తే దాని దరిదాపులకు వెళ్లకుండా, చీకటి విడకముందు ఇసుక మీద టార్చిలైటు వేయకుండా నడవాలని నా విన్నపం.