రీపర్ రివ్యూ: రెండర్‌లో దూరే 'టప్' శబ్దాన్ని పట్టుకోవాలంటే

నేను చేసేవి ఎక్కువగా జానపదాలు, అయ్యప్ప పాటలు, పెళ్లి వీడియోల్లో వేసే పాటలు. ఇంట్లో ఒక గది, ఒక కండెన్సర్ మైకు, మైకుని లాప్‌టాప్‌కి కలిపే రెండు ఛానెళ్ల ఇంటర్‌ఫేసు, బాగా నలిగిన లాప్‌టాప్. ఇంతే సరంజామాతో పని మొదలుపెడుతున్నవాళ్లు ఏ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగితే రీపర్ పేరే చెబుతాను. ధర తక్కువ కాబట్టి అని చాలామంది అనుకుంటారు. ధర సంగతి సరే. మిక్స్ చేసేటప్పుడు శుభ్రంగా వినిపించిన పాట, ఫైలుగా బయటికి తీశాక (దీన్నే రెండర్ చేయడం అంటారు) మధ్యలో ఎక్కడో 'టప్' మంటుంది చూడండి, ఆ రోగం మూలం వెతకడానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. నేను దీన్ని వదలకపోవడానికి అసలు కారణం అది.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. మామూలు లైసెన్సు 60 డాలర్లు. సొంతానికి వాడుకునేవాళ్లకీ, ఏడాదికి 20,000 డాలర్లు దాటని వ్యాపారానికీ ఇది సరిపోతుంది. అంతకు మించి సంపాదిస్తే 225 డాలర్లు. మనలో ఎంతమందికి ఆ రెండో లైసెన్సు కొనాల్సిన అదృష్టం పడుతుందో వేరే చెప్పాలా! వెర్షన్ 7కి కొన్న లైసెన్సు 8.99 వరకు పనికొస్తుంది. కొనే ముందు 60 రోజులు వాడి చూడొచ్చు, ఆ రోజుల్లో ఏ సౌకర్యానికీ తాళం వేయరు. దీన్ని మొదలుపెట్టిన జస్టిన్ ఫ్రాంకెలే వినాంప్ కూడా తయారుచేశాడు. నెట్ సెంటర్లో గంటకింత కట్టి వినాంప్‌లో పాటలు విన్న తరానికి ఆ పేరు ఊరికే మర్చిపోయేది కాదు.

ఇక అసలు విషయం. ఒక అయ్యప్ప పాటకి నాదస్వరం, తంబురా శాంపిల్ లైబ్రరీ (ముందే రికార్డు చేసిన వాయిద్య శబ్దాల మూట) నుంచి వాడాను. లైబ్రరీ పేరు, దాన్ని రీపర్‌లో నడిపే ప్లగిన్ (తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్) పేరు ఇక్కడ అనవసరం. ప్రాజెక్టులో ప్లే చేస్తే ఏ లోపమూ లేదు. రెండర్ చేసి పంపాక పాడిన కుర్రాడి ఫోన్: "అన్నా, రెండో చరణంలో నాదస్వరం ఊపిరి అందనట్టు ఆగిపోతోందేంటి?" విన్నాను, నిజమే. ఒకచోట స్వరం మొదలే తెగిపోయింది, ఇంకోచోట చిన్న టప్.

ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా 'బఫర్ పెంచు' అని. బఫర్ అంటే సౌండ్ కార్డు కోసం ముందే సిద్ధం చేసి ఉంచే డేటా. పాట ప్లే అవుతున్నప్పుడు చిటపటలు వస్తే ఆ సలహా సరైనదే. సౌండ్ కార్డుకి టైముకి డేటా అందక వచ్చే చప్పుడు అది. ఆఫ్‌లైన్ రెండర్‌లో, అంటే పాటని వినిపించకుండా నేరుగా ఫైలుగా రాసేటప్పుడు, సౌండ్ కార్డుకి పనే లేదు. ప్రాసెసర్ నెమ్మదిస్తే రెండర్ కాస్త ఆలస్యంగా పూర్తవుతుంది, అంతే. కాబట్టి బఫర్ 256 ఉన్నా 2048 ఉన్నా ఫైల్లో పడే టప్‌కి చాలాసార్లు తేడా ఉండదు.

నేను చేసే మొదటి పని, అదే పాటని రెండుసార్లు రెండర్ చేయడం. రీపర్ రెండర్ విండోలో 'రెండర్ అయినదాన్ని కొత్త ట్రాకుల్లో చేర్చు' అనే ఆప్షన్ ఉంది, దాన్ని ఎంచుకుంటే రెండు ఫైళ్లూ ప్రాజెక్టులోకే వచ్చి ఒకదాని కింద ఒకటి కూర్చుంటాయి. ఒకదానికి ఫేజ్ బటన్ (శబ్ద తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి రెండూ కలిపి ప్లే చేస్తే, ఒకేలా ఉన్నదంతా రద్దయిపోయి తేడా ఉన్నచోట్లే చప్పుడు మిగులుతుంది. ఇక్కడ ఒక మాట. మృదంగం, డప్పు లాంటి వాటికి లైబ్రరీలు ప్రతి దెబ్బకీ శాంపిల్ మార్చి వాయిస్తాయి కాబట్టి అవి ఎలాగూ పూర్తిగా రద్దు కావు, వాటిని మ్యూట్ చేసి చూడాలి. టప్ రెండు ఫైళ్లలోనూ అదే చోట ఉంటే తప్పు ప్రాజెక్టులోనే ఉన్నట్టు: రెండు ముక్కల అతుకు దగ్గర ఫేడ్ (శబ్దం మెల్లగా ఎక్కడం, దిగడం) లేకపోవడమో, ఆటోమేషన్ గీత (వాల్యూమ్ లాంటివాటిని పాటతో పాటు మార్చేది) ఒక్కసారిగా దూకడమో, లెవెల్ దాటిపోవడమో. చోటు మారుతుంటే మాత్రం ఏదో ప్లగిన్ టైముకి అందుకోలేకపోతోందని అర్థం.

నా పాటలో చోటు మారింది. అప్పుడు తేడా వచ్చిన చోటున్న ఎనిమిది బార్లని మాత్రమే టైమ్ సెలెక్షన్‌గా పెట్టి, సోర్స్ దగ్గర స్టెమ్స్ (ఒక్కో ట్రాకుకి ఒక్కో ఫైలు) ఎంచుకుని ట్రాకులు విడివిడిగా తీశాను. పాట మొత్తం మళ్లీ మళ్లీ తీయాల్సిన అవసరమే లేదు. గొంతు, కీబోర్డు, డప్పు అన్నీ శుభ్రం. నాదస్వరం ఒక్కటే దొరికింది.

కారణం వేగం. పెద్ద లైబ్రరీలు ప్రతి శాంపిల్ మొదటి ముక్కని మాత్రమే మెమరీలో పెట్టుకుని, మిగతాది వాయిస్తుండగా డిస్కు నుంచి లాగుతుంటాయి. మామూలుగా ప్లే చేసేటప్పుడు డిస్కుకి ఆ పాటి తీరిక ఉంటుంది. ఫుల్ స్పీడ్ ఆఫ్‌లైన్ రెండర్‌లో నాలుగు నిమిషాల పాట అర నిమిషం లోపే పరిగెత్తుతుంది. ఆ వేగానికి డేటా అందేవరకు ప్లగిన్ ఆగాలి. రాసిన విధానం బాగుంటే ఆగుతుంది, లేకపోతే ఆ స్వరాన్ని వదిలేసి ముందుకు పోతుంది. పైగా నా లైబ్రరీ ఉన్నది బయట తగిలించే మామూలు హార్డ్ డిస్కులో.

రెండర్ విండోలో వేగం ఎంచుకునే చిన్న మెనూ ఉంది. అందులో '1ఎక్స్ ఆఫ్‌లైన్' పెట్టాను. పాట ఎంతసేపుంటే రెండర్ కూడా అంతసేపు. టీ తాగి వచ్చేసరికి ఫైలు తయారు, నాదస్వరం నిండుగా ఉంది. పక్కనే 'ఆన్‌లైన్ రెండర్' కూడా ఉంటుంది. అది బయటి కంప్రెసర్ లాంటి పరికరాలు తగిలించుకున్నవాళ్లకి. దానిలో మళ్లీ సౌండ్ కార్డు మీద ఆధారపడాలి కాబట్టి నాకు అవసరం రాలేదు. ప్రిఫరెన్సెస్‌లో వీఎస్టీ (ఒక రకం ప్లగిన్లు) పేజీలో, ఆఫ్‌లైన్ రెండర్ జరుగుతోందని ప్లగిన్లకి తెలియజేసే టిక్ ఒకటి ఉంది. ఇలాంటి గొడవ వచ్చినప్పుడు అది ఆన్‌లో ఉందో లేదో తప్పకుండా చూడండి. తర్వాత లైబ్రరీని ఎస్ఎస్‌డీకి మార్చేశాను, ఇప్పుడు ఫుల్ స్పీడ్‌లో కూడా ఇబ్బంది లేదు.

లెవెల్ దాటడం గురించి రెండు ముక్కలు. రీపర్ లోపల లెక్కంతా 64 బిట్ ఫ్లోటింగ్ పాయింట్‌లో జరుగుతుంది కాబట్టి ట్రాకుల్లో ఎరుపు వెలిగినా లోపల ఏమీ చెడదు. 24 బిట్ వేవ్‌గా రాసేటప్పుడు మాత్రం సున్నా డెసిబెల్స్ దాటినదంతా చదునుగా కోసేస్తుంది, దీన్నే క్లిప్ అవడం అంటారు. రెండర్ విండోలో 'డ్రై రన్' అనే బటన్ నాకు భలే ఇష్టం. ఫైలు రాయకుండానే పాటంతా నడిపి పీక్ ఎంత, లౌడ్‌నెస్ ఎంత, ఎక్కడ క్లిప్ అయింది అన్నీ చూపిస్తుంది. వేవ్ బాగుండి ఎంపీ3 మాత్రం గరగరలాడితే, సున్నాకి ఆనుకుని ఉన్న పీకులు ఎన్‌కోడింగ్‌లో ఇంకాస్త పైకి లేచినట్టు. మాస్టర్‌లో ఒక డెసిబెల్ ఖాళీ వదిలితే సాధారణంగా సర్దుకుంటుంది. పాట చివర రివర్బ్ (ప్రతిధ్వని) టక్కున తెగితే అది గ్లిచ్ కాదు, టెయిల్ (పాట అయ్యాక ఇంకాసేపు రెండర్ సాగడం) పెట్టలేదన్నమాట.

నచ్చనివీ ఉన్నాయి. మొదటిసారి తెరిస్తే రూపం చూసి మనసు చివుక్కుమంటుంది, బ్యాంకు కౌంటర్లో కంప్యూటర్ తెరలా బూడిద రంగు. థీమ్‌లు మార్చుకోవచ్చు గానీ ఆ పని మనమే చేసుకోవాలి. ప్రిఫరెన్సెస్ అయితే అడవి. పైన చెప్పిన టిక్ ఎక్కడుందో వెతకడానికి అందులోని సెర్చ్ పెట్టె లేకపోతే నేనూ వదిలేసేవాణ్ణే. మాన్యువల్ ఉచితం, కానీ వందల పేజీలు. రెండర్‌లో స్వరం జారిపోతే సాఫ్ట్‌వేర్ తనంతట తానేమీ హెచ్చరించదు. చెవి పెట్టి వినాల్సింది మనమే.

ఇంకోటి, దీనితో వాయిద్యాలు దాదాపు రావు. ఈక్వలైజర్, కంప్రెసర్ లాంటివి గట్టివే ఇస్తారు. ఒక చిన్న సింత్ (శబ్దాలు పుట్టించే సింథసైజర్), శాంపిల్ వాయించే పనిముట్టు ఉంటాయి. వీణ, షెహనాయ్, తబలా కావాలంటే విడిగా కొనుక్కోవాలి, లేదా వాయించేవాళ్లని పిలవాలి. పెట్టె తెరవగానే బీట్లు, లూపులు సిద్ధంగా ఉండాలనుకునేవాళ్లు వేరేది చూసుకోండి. గొంతులు, డప్పులు మైకు పెట్టి రికార్డు చేసేవాళ్లు మాత్రం ట్రయల్ దించుకుని, మిమ్మల్ని బాగా సతాయించిన పాట స్టెమ్స్‌ని అందులో వేసి డ్రై రన్ నొక్కి చూడండి.