బాలటర్: రాణిగారి కోసం ఆగిపోయిన రైలు మార్గం

స్కాట్లండ్‌లో బ్రిటన్ రాజకుటుంబం సెలవులు గడిపే బల్మోరల్ కోట చూడటానికి వెళ్లేవారిలో చాలామంది బాలటర్ గ్రామంలో టీ తాగి ముందుకు సాగిపోతారు. అక్కడి పాత రైల్వే స్టేషన్‌కు కనీసం ఒక పూట ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

అబర్దీన్ నగరం నుంచి డీ నది వెంట వేసిన ఈ లైను 1853లో బాంకరీకి, 1859లో అబోయిన్‌కు, 1866లో బాలటర్‌కు చేరింది. కోట దాటాక వచ్చే బ్రేమార్ గ్రామం దాకా పొడిగించాలనుకున్నారు. కోట సమీపం నుంచి రైళ్లు వెళ్లడం విక్టోరియా రాణికి నచ్చలేదు. పట్టాల కోసం చదును చేసిన నేల కొంతదూరం మిగిలింది, రైలు మాత్రం రాలేదు. ఆ విధంగా చిన్న గ్రామం రాజకుటుంబం దిగే చివరి స్టేషన్ అయింది. 1886లో రాణి కోసం ప్రత్యేక విశ్రాంతి గది కట్టారు. 1896లో రష్యా చక్రవర్తి రెండో నికోలస్ ఈ ప్లాట్‌ఫారం మీదే దిగాడు.

ఇంత వైభవం ఉన్నా మామూలు ప్రయాణికులు తగ్గిపోవడంతో 1966 ఫిబ్రవరిలో ఈ లైనులో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి. 2015 మేలో మంటలు స్టేషన్‌ను చాలావరకు కాల్చేశాయి. దాన్ని తిరిగి కట్టి 2018లో తెరిచారు. చెక్క పనితనం చూస్తే ఎంత శ్రద్ధ పెట్టారో తెలుస్తుంది. రాణి ప్రయాణించిన రైలు పెట్టె నమూనా కూడా ఉంది, పిల్లలకు బాగా నచ్చుతుంది. నాకైతే కూలీలు, డ్రైవర్ల గురించి ఇంకా తెలుసుకోవాలనిపించింది.

ఆ లోటు బయట నడిస్తే కొంత తీరుతుంది. పట్టాలు తీసేసిన దారి ఇప్పుడు నడకకు, సైకిళ్లకు డీసైడ్ వే. అబర్దీన్ దాకా 66 కిలోమీటర్లు. అంతా అవసరం లేదు, కాంబస్ ఓ మే వరకు ఆరు కిలోమీటర్లు చాలు. నదిని ఆనుకుని ఉన్న అక్కడి చిన్న స్టేషన్ ఇప్పుడు ఎవరిదో ఇల్లు, కాబట్టి దారి మీద నుంచే చూడాలి. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు అదే.

బస విషయంలో అబర్దీన్‌లో గదులకు ఎంపిక ఎక్కువ, కానీ బస్సులోనే రానుపోను సగం రోజు పోతుంది. బాలటర్‌లో ఒక రాత్రి ఉండటం మేలు. మేమున్న అతిథిగృహం శుభ్రంగా ఉంది, పొద్దున్నే ఫలహారం పెట్టారు. గది మాత్రం చలికి సరిగా వేడెక్కలేదు. ఆగస్టులో ఆటల పోటీల రద్దీ ఉంటుంది, గది ముందే తీసుకోండి. రాత్రి భోజనం త్వరగా ముగించాలి.

నిజంగా కదిలే రైలు ఎక్కాలంటే బాంకరీ దగ్గర మిల్టన్ ఆఫ్ క్రేథీస్‌లో స్వచ్ఛంద సేవకులు కొద్ది దూరం నడుపుతున్నారు. 1958లో ఈ లైనుకు తెచ్చిన బ్యాటరీ రైలు అక్కడే భద్రంగా ఉంది. నడిపే రోజులు తక్కువ, తేదీలు చూసుకునే బయలుదేరండి.