బిగుసుకున్న కండరాలకు బాక్లోఫెనా, టిజానిడినా: ఏది మేలు?

పక్షవాతం వచ్చిన కొన్ని వారాలకు, వెన్నుపాము దెబ్బతిన్న కొన్నాళ్లకు చాలామందికి కాలూ చెయ్యీ కర్రలా బిగుసుకోవడం మొదలవుతుంది. అప్పుడు మందుల చీటీలో తరచూ కనిపించేవి బాక్లోఫెన్, టిజానిడిన్. ఏది రాయాలన్నది డాక్టరు నిర్ణయం. వేసేది, వేశాక కనిపెట్టుకుని ఉండేది మాత్రం నర్సు. ఇంటికెళ్లాక కోడలో కొడుకో. అందుకే రోగి కిడ్నీలు, బీపీతో పాటు, ఇంట్లో మాత్ర ఎవరి చేతిలో ఉంటుందో కూడా చూసే ఏది మేలో తేల్చాలంటాను.

బాక్లోఫెన్ చాలావరకు మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీలు మందగిస్తే ఒంట్లోనే పేరుకుంటుంది. చిన్న మోతాదుకే మనిషి మత్తులోకి జారి, మాట తడబడి, పిలిస్తే పలకడు. మళ్లీ స్ట్రోక్ వచ్చిందేమోనని ఇంటివాళ్లు హడలిపోతారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన రోగి అయితే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూడకుండా మొదటి మాత్ర వేయకూడదు. అక్కడ షుగరు లేనివాళ్లకూ కిడ్నీ జబ్బు వస్తోంది. డయాలసిస్ రోగి చీటీలో బాక్లోఫెన్ కనిపిస్తే మాత్ర పక్కన పెట్టి ముందు డాక్టరుకు ఫోన్ చేయాలి.

అలాగని టిజానిడిన్ నిశ్చింత మందేమీ కాదు. అది విరిగేది లివర్‌లో, కాబట్టి మధ్యమధ్యలో లివర్ పరీక్షలు తప్పవు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు దీని మోతాదూ తగ్గించాల్సిందే. 2 మి.గ్రా.తో మొదలుపెట్టినా, వేసిన గంట రెండు గంటల్లో బీపీ దిగిపోవచ్చు. పడుకోబెట్టి ఒకసారి, మంచం అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టి మరోసారి బీపీ చూశాకే లేపాలి. ఆ సమయంలో బాత్‌రూమ్‌కి ఒంటరిగా పంపకూడదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. యూరిన్ పైపు ఉన్న రోగికి జ్వరం వస్తుంది, ఇంటివాళ్లు మెడికల్ షాపుకెళ్లి ఆ మాత్రలు తెచ్చి వేసేస్తారు. టిజానిడిన్ విరిగే దారిని అది మూసేస్తుంది. రక్తంలో టిజానిడిన్ ఎన్నో రెట్లు పెరిగి బీపీ కుప్పకూలుతుంది, మనిషి మత్తులో పడిపోతాడు. ఈ రెండూ కలిపి వాడనే కూడదు. పైపుతో ఇంటికెళ్లే రోగికి నేను బాక్లోఫెన్ వైపే మొగ్గేది ఇందుకే.

బాక్లోఫెన్‌తో గండం ఉన్నట్టుండి ఆపేయడంలో ఉంది. "సిస్టరమ్మా, ఈ మాత్ర వేస్తే అస్తమానం నిద్రే. ఆపేయమంటారా?" అని అడుగుతుంటారు. "ఆపకండమ్మా, డాక్టరుగారితో చెప్పి మెల్లగా తగ్గిద్దాం" అనాలి. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్, లేనివి కనబడటం, తీవ్ర జ్వరం, మునుపటికన్నా ఘోరమైన బిగుతు వస్తాయి. టిజానిడిన్ మానేసినా బీపీ, గుండె వేగం ఎగసిపోవచ్చు. ఊళ్లో మందు దొరకదంటే స్ట్రిప్ అయిపోకముందే తెప్పించుకోమనాలి.

మందు ఏదైనా, బిగుతంతా పోగొట్టడం గురి కాదు. కొందరు ఆ బిగుసుకున్న కాలి మీదే నిలబడగలుగుతారు. మోతాదు పెంచిన మర్నాడు కాలు మెత్తబడి పడిపోతే ఆ మాత్ర మేలు చేసినట్టు కాదు. మత్తుగా ఉన్నప్పుడు నోట్లో ముద్ద పెట్టడమూ ప్రమాదమే, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నడుం నొప్పికి వాడే థయోకోల్చికోసైడ్‌ను ఈ బిగుతుకు వాడేస్తుంటారు. అది నెలల తరబడి మింగేది కాదు. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2013లోనే నోటి మాత్రలకు 7 రోజుల హద్దు పెట్టింది.

కిడ్నీలు బాగుండి, పూటపూటకూ మాత్ర వేసే మనిషి ఇంట్లో ఉంటే బాక్లోఫెన్ మేలు: 5 మి.గ్రా. రోజుకు మూడుసార్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. బిగుతు ఫిజియోథెరపీ వేళకో రాత్రికో మాత్రమే బాధిస్తుంటే, బీపీ మరీ తక్కువ కాకపోతే, కొన్ని గంటలే పనిచేసే టిజానిడిన్ చాలు. అప్పుడు డిశ్చార్జి కాగితం మీద "సిప్రోఫ్లాక్సాసిన్ వద్దు" అని ఎర్ర పెన్నుతో తెలుగులో రాసి, మందులు వేసే మనిషి చేత ఒకసారి పైకి చదివించాలి.