ఓపెన్ వాటర్‌తో ఆగాలా, అడ్వాన్స్‌డ్‌కి వెళ్లాలా?

స్కూబా డైవింగ్‌లో మొదటి కోర్సు ఓపెన్ వాటర్. ఆ కార్డు ఉంటే 18 మీటర్ల వరకు దిగొచ్చు. వెలుతురు, రంగులు బాగా ఉండేది కూడా ఆ లోతులోపే. ఏడాదికోసారి గైడ్ వెంట డైవ్ చేసేవాళ్లకు అది చాలు.

దాని తర్వాతి కోర్సు అడ్వాన్స్‌డ్. అంటే పాడీ (డైవింగ్ శిక్షణ సంస్థ) పద్ధతిలో ఐదు డైవ్‌లు. లోతు డైవ్, దిక్సూచితో దారి పట్టడం తప్పనిసరి, మిగతా మూడూ మన ఇష్టం. పరిమితి 30 మీటర్లకు పెరుగుతుంది. అందరూ ఈ అంకెనే చూస్తారు గానీ, నాకు అసలు లాభం దిక్సూచిలో కనబడింది. అంతకుముందు గైడ్ ఫిన్స్ (కాళ్లకు తొడుక్కునే ఈత రెక్కలు) తప్ప నాకింకేమీ కనబడేవి కావు. ముల్లు చూసుకుంటూ, ఫిన్ ఎన్నిసార్లు ఆడించానో లెక్కపెట్టుకుంటూ వెళ్లి, బయల్దేరిన తాడు దగ్గరికే తిరిగొచ్చిన రోజున సగం టెన్షన్ పోయింది.

30 మీటర్ల దగ్గర ఒత్తిడి నీటి పైన ఉన్నదానికి నాలుగు రెట్లు. సిలిండర్‌లో గాలి కూడా అదే లెక్కన ఖర్చవుతుంది. పైగా నైట్రోజన్ వల్ల బుర్ర మందగించవచ్చు. ఇవి మొదటిసారి ఎదురయ్యేటప్పుడు పక్కన శిక్షకుడు ఉండాలనే నా అభిప్రాయం.

అలాగని కార్డు రాగానే చేరిపొమ్మని చెప్పను. చేతులు ఆడించకుండా, ఊపిరితోనే నీళ్లలో ఒకచోట నిలకడగా ఉండటం రానివాళ్లు ముందు తక్కువ లోతులోనే మరికొన్ని డైవ్‌లు చేయాలి. ఆ పట్టు లేకుండా లోతుకు వెళ్తే పగడాలకూ దెబ్బే, మనకూ ప్రమాదమే.

అడ్వాన్స్‌డ్ అయ్యాక మాత్రం రెస్క్యూ కోర్సు వదలొద్దు. తోటి డైవర్ కంగారును ముందే పసిగట్టడం, స్పృహ తప్పినవాళ్లను పైకి తేవడం అక్కడే నేర్పుతారు.