చెన్నై నీళ్లకి తట్టుకున్న ఫిల్మ్: హెచ్‌పీ5 ప్లస్ ఏళ్ల తరబడి వాడాక

చెన్నైలో ఇంట్లోనే ఫిల్మ్ కడిగి, ఎన్‌లార్జర్ (నెగటివ్‌ని పెద్దది చేసి పేపర్ మీద వేసే యంత్రం) కింద ప్రింట్లు వేసుకునేవాళ్లు ఏ రీలు కొనాలని అడిగితే ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే చెబుతాను. ఏళ్లుగా 35 ఎంఎంలోనూ, దానికన్నా వెడల్పైన 120 రీలులోనూ ఎక్కువగా వాడింది అదే. దాంతోపాటు కోడాక్ ట్రై-ఎక్స్, ఫోమాపాన్ 400 కూడా చాలా రీళ్లు కడిగాను. డబ్బా మీద మూడింటికీ స్పీడు, అంటే వెలుతురు పట్టే వేగం, 400 అనే ఉంటుంది. మన ఎండలో, మన నీళ్లలో మాత్రం దేని దారి దానిదే.

ముందు నీళ్ల సంగతి. కంపెనీలు ఇచ్చే డెవలప్‌మెంట్ టైములు ఎక్కువగా 20 డిగ్రీలకి లెక్కగట్టినవి. ఏప్రిల్, మే నెలల్లో వడపళనిలో మా మేడమీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు 30 దాటే ఉంటాయి. ఐసు వేసి డెవలపర్‌ని 20కి దింపడం కష్టం కాదు. ఆ తర్వాత స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపేది), హైపో (బొమ్మని నిలిపేది), ఆఖరి కడుగు నీళ్లు కూడా అదే వేడిలో ఉంచడం కష్టం. వాటి మధ్య తేడా ఎక్కువైతే ఎమల్షన్, అంటే ఫిల్మ్ మీది బొమ్మ పడే పూత, ఉబ్బి ముడతలు పడే ప్రమాదం ఉంది. అందుకే నేను అన్నిటినీ 24 దగ్గర పెట్టుకుంటాను. పెద్ద టబ్బులో నీళ్లు పోసి, గడ్డకట్టించిన నీళ్ల సీసాలు రెండు వేసి, మందుల సీసాలన్నీ అందులోనే నిలబెడతాను.

24కి వస్తే టైము తగ్గిపోతుంది. నీళ్లు కలపని డీ-76 డెవలపర్‌లో హెచ్‌పీ5కి 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. అదే 24లో ఐదు నిమిషాలకి అటూ ఇటూ. ఐదుకంటే తగ్గితే ఫిల్మ్ కడిగే ట్యాంకులో మందు పోయడానికి, పారబోయడానికి పట్టే సెకన్లే తేడా తెచ్చేస్తాయి, ఆకాశం మచ్చలు మచ్చలుగా వస్తుంది. డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపితే 20లో 11 నిమిషాలు, 24లో దాదాపు 8. ట్రై-ఎక్స్‌కి అదే పాళ్లలో, 20 డిగ్రీల దగ్గరే కోడాక్ చెప్పేది తొమ్మిదీ ముప్పావు. ఈ ఊళ్లో నాకు హెచ్‌పీ5 నచ్చడానికి పెద్ద కారణం ఇదే. వేడి ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా సర్దుకునేంత సమయం ఉంటుంది. టీ-మ్యాక్స్ లాంటి కొత్త తరహా గ్రెయిన్ ఫిల్ములు ఈ తేడాలకి ఇంకా తొందరగా మారిపోతాయి. బాత్‌రూమే డార్క్‌రూమ్ అయినవాళ్లకి వాటితో టెన్షన్ ఎక్కువ.

ఇక టెస్ట్. స్కాన్ చూసి ఫిల్మ్ మంచిదా కాదా అని తేల్చకండి. స్కానర్ దాని ఇష్టం వచ్చినట్టు సర్దేస్తుంది. పేపర్ అలా సర్దదు. నేను బాల్కనీలో ఎండ పడేచోట తెల్ల పంచె, నీడలో నల్ల గొడుగు, దాని పక్కన రుబ్బురోలు పెట్టి, ఒకే రీలు మీద 100 నుంచి 800 దాకా మీటర్‌లో స్పీడు మెట్టుమెట్టుగా మారుస్తూ తీస్తాను. కడిగాక, బొమ్మ పడని ఖాళీ ఫ్రేమును ఎన్‌లార్జర్‌లో పెట్టి, రెండో గ్రేడు ఫిల్టర్‌తో (గ్రేడు పెరిగేకొద్దీ ప్రింట్‌లో నలుపు తెలుపుల తేడా పెరుగుతుంది), లెన్స్ ఎఫ్/8లో, రెండేసి సెకన్ల మెట్లుగా టెస్ట్ స్ట్రిప్ వేస్తాను. ఏ మెట్టు తర్వాత నలుపు ఇక ముదరదో అదే ఆ పేపర్‌కి, ఆ ఎత్తుకి టైము. స్ట్రిప్ పూర్తిగా ఆరాకే చూడాలి, తడిమీద కళ్లు మోసపోతాయి. ఎన్‌లార్జర్ ఎత్తు కదపకుండా, అదే టైముతో రీలంతా పేపర్‌కి ఆనించి కాంటాక్ట్ ప్రింట్ వేస్తే అన్నీ బయటపడతాయి. గొడుగు మడతలు విడివిడిగా కనిపించే ఫ్రేముల్లో అన్నిటికన్నా ఎక్కువ స్పీడుది ఏదో అదే నిజమైన స్పీడు. అదే ఫ్రేములో పంచె నేత కనిపించకుండా తెల్లగా అయిపోతే డెవలప్‌మెంట్ తగ్గించాలి, బూడిదరంగులో ఉంటే పెంచాలి.

నా మీటర్‌తో, నా పేపర్ మీద హెచ్‌పీ5 స్పీడు 250. 24 డిగ్రీల్లో, సమానంగా నీళ్లు కలిపిన డీ-76లో సుమారు 8 నిమిషాలు. ఫోమాపాన్ 200 దగ్గర ఆగింది. ట్రై-ఎక్స్ 320 దాకా వచ్చింది. మీ ఇంట్లో ఈ అంకెలు మారతాయి, మారాలి కూడా.

ఫోమాపాన్ చెక్ దేశంలో తయారవుతుంది, ధర తక్కువ. మైలాపూర్ మాడవీధుల్లో పగలు తీసిన బొమ్మలు బాగానే వచ్చాయి. రాత్రి దీపాల చుట్టూ మాత్రం వెలుగు చెదిరి మసకగా పాకింది. తడిగా ఉన్నప్పుడు వేలు తగిలినా గీత పడుతుంది. ఆరబెట్టేటప్పుడు రబ్బరు పిండేది వాడొద్దు. ట్రై-ఎక్స్ అందం వేరు. కాశిమేడు హార్బర్‌లో వలలు లాగేవాళ్ల ముఖాల మీద ఆ గ్రెయిన్ చూస్తే వదలబుద్ధి కాదు. నేను కొన్నప్పుడల్లా హెచ్‌పీ5 కన్నా ధర ఎక్కువే ఉంది.

హెచ్‌పీ5లో లోటు లేదని కాదు. మబ్బు పట్టిన రోజు చప్పగా ఉంటుంది, మూడో గ్రేడు ఫిల్టర్ లేకుండా ప్రింట్ నిలబడదు. కానీ మెరీనా మీద మిట్టమధ్యాహ్నం ఎండకి ఆ చప్పదనమే కాపాడుతుంది: ఇసుక తెల్లగా కాలిపోదు, పడవ నీడలో మనిషి కనిపిస్తాడు. 35 ఎంఎం నుంచి 8×10 ప్రింట్ వేస్తే గ్రెయిన్ స్పష్టంగా తెలుస్తుంది. అది ఇష్టం లేకపోతే 120కి వెళ్లాలి.

కడగడానికి ధారగా నీళ్లు వదలక్కర్లేదు. లారీ నీళ్లు కొనుక్కునే ఇళ్లలో అది కుదరదు కూడా. ఫిల్మ్ ఉన్న ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులుగా తిప్పి పారబోయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు. ఇల్‌ఫర్డ్ చెప్పిన పద్ధతే, ఎమల్షన్‌ని గట్టిపరిచే మందు కలపని హైపోకి సరిపోతుంది. బోరు నీళ్లు ఆరితే తెల్ల మరకలు పడతాయి కాబట్టి ఆఖరి ముంచు డిస్టిల్డ్ వాటర్‌లో.

ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్మ్ తయారుచేసిన రోజులు పోయాయి, నేను వాడే రీళ్లన్నీ దిగుమతి సరుకే. అందుకని ఇప్పుడు హెచ్‌పీ5ని 100 అడుగుల చుట్టగా కొని డబ్బాల్లో నింపుకుంటున్నాను. 36 ఫ్రేముల రీళ్లు పద్దెనిమిది దాకా వస్తాయి. అన్నీ ఒకే బ్యాచ్ కాబట్టి ఒకసారి చేసిన టెస్ట్ చుట్ట అయిపోయేదాకా పనికొస్తుంది. ఫ్రిజ్‌లో దాచిన రీలుని బయటికి తీశాక మాత్రం మూత తెరవకుండా కొన్ని గంటలు బయట ఉంచండి, లేకపోతే మన గాలిలోని తేమంతా ఫిల్మ్ మీదే చేరుతుంది.