నెలసరి బాధలకు గర్భనిరోధక మాత్రలు: ఆరేళ్లు వాడాక చెబుతున్న మాట

ఎక్కువ రక్తస్రావం, మెలిపెట్టే కడుపునొప్పి, తేదీ తప్పే నెలసరి. ఈ మూడింటికీ రోజువారీ గర్భనిరోధక మాత్రలు వాడి ఆరేళ్లయింది. పనిచేశాయి. ఎనిమిది రోజులు సాగే ముట్టు నాలుగు రోజులకు దిగింది. మంచం దిగనివ్వని నొప్పి ఒక్క మెఫెనమిక్ యాసిడ్ మాత్రతో సర్దుకునే స్థాయికి వచ్చింది. అయితే ఇవి జబ్బును నయం చేసే మందులు కావు, వేసుకున్నన్నాళ్లు అదుపులో పెడతాయి. అది తెలిసి మొదలుపెడితే నిరాశ ఉండదు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మన గోదావరి జిల్లాల్లో రక్తం ఎక్కువ పోతోందంటే చాలు, మాట నేరుగా గర్భసంచి మీదకు వెళ్తుంది. “పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంకెందుకది, తీయించేసుకో” అంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఆపరేషన్ నిజంగా కావాల్సినవాళ్లు ఉంటారు, కాదనను. కానీ మూడు షీట్ల మాత్రలు సరిగ్గా వాడి చూడకుండానే ముప్పై అయిదేళ్లకు కత్తి కిందకు వెళ్లడం అన్యాయం. ఆ “సరిగ్గా” అన్న మాట దగ్గరే అంతా తేడా వస్తుంది.

ముందు మాత్ర సంగతి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా, ఆశా కార్యకర్త దగ్గర కూడా దొరికే మాలా-ఎన్ షీటులో 28 మాత్రలుంటాయి. 21 తెల్లవి హార్మోన్ మాత్రలు: ఒక్కోదానిలో లెవోనార్జెస్ట్రెల్ 0.15 మి.గ్రా., ఎథినైల్ ఎస్ట్రడయోల్ 0.03 మి.గ్రా. మిగతా 7 ముదురు రంగువి ఇనుము మాత్రలు. మెడికల్ షాపుల్లో వేరే వేరే పేర్లతో దొరికే వాటిలో లెవోనార్జెస్ట్రెల్ బదులు వేరే రకం హార్మోన్ ఉండొచ్చు గానీ పనిచేసే తీరు ఒకటే. అండం విడుదల ఆగుతుంది, గర్భసంచి లోపలి పొర పల్చగా ఉండిపోతుంది. పొర పల్చనైతే రాలేది తక్కువ, నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లూ తక్కువే తయారవుతాయి. తెల్లవి ఆపిన రెండు మూడు రోజులకు కనపడే ఎరుపు అసలు నెలసరి కాదు, హార్మోన్ ఆగినందుకు వచ్చే స్రావం. అందుకే అది కొంచెమే వచ్చినా, ముదురు గోధుమ రంగులో వచ్చినా “చెడు రక్తం లోపల ఉండిపోయింది” అని బెంగ పడక్కర్లేదు. లోపల ఏదీ నిల్వ ఉండదు.

మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోవడం తప్పనిసరి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, గర్భ పరీక్ష, పొత్తికడుపు స్కానింగ్, బీపీ ఇవి చూడాలి. 45 దాటినవాళ్లకు కొత్తగా రక్తస్రావం ఎక్కువైనా, కలయిక తర్వాత ఎరుపు కనపడినా, ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ వచ్చినా మాత్రలతో కప్పిపెట్టకూడదు, కారణం తేల్చుకోవాలి. స్కానింగ్‌లో గర్భసంచిలో పెరిగిన గడ్డ (ఫైబ్రాయిడ్) లోపలి పొరలోకి పొడుచుకొచ్చి ఉందని తేలితే మాత్రలతో పెద్దగా ఆగదు, దానికి దారి వేరు.

ఈ మాత్రలు పడనివాళ్లు ఎవరన్నది గట్టిగా చెప్పాలి, షాపులో అడిగి తెచ్చేసుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి. బీపీ 140/90 గానీ, అంతకు మించి గానీ ఉన్నవాళ్లు. 35 దాటి చుట్టో బీడీయో తాగేవాళ్లు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టినవాళ్లు. కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనపడి ఆ తర్వాత తలనొప్పి వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు. కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు. ఆరు నెలల లోపు బిడ్డకు పాలిస్తున్నవాళ్లు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వాడేవాళ్లలో మాత్ర బలం తగ్గిపోతుంది, గర్భమూ ఆగదు, మధ్యలో ఎరుపూ కనపడుతుంది. వాడుతుండగా ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీ నొప్పి, ఆయాసం, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం ఏది వచ్చినా మాత్ర ఆపి అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లగానే “నేను గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానండి” అని అడక్కుండానే చెప్పాలి. మొహమాటంతో దాచిపెట్టేది ఇక్కడే, ప్రమాదమూ ఇక్కడే.

వాడే పద్ధతి. ముట్టు మొదలైన రోజు నుంచి అయిదో రోజు లోపు మొదటి తెల్ల మాత్ర వేసుకోవాలి. షీటు మీద బాణం గుర్తులుంటాయి, వాటి వెంటే వెళ్లాలి. టైము రాత్రి భోజనం తర్వాత పెట్టుకోవడం మేలు. ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పుతుంది. పైగా తెల్లారుజామునే రొయ్యల షెడ్డుకో ఊడ్పులకో వెళ్లే మనిషికి పొద్దున్న టైము కుదరదు. తొమ్మిదంటే తొమ్మిదే. ఒక రోజు ఎనిమిదికి, మర్నాడు పన్నెండుకి వేసుకుంటూ పోతే కొందరికి మధ్యలో చుక్కలు చుక్కలుగా ఎరుపు కనపడుతుంది. ఫోనులో అలారం పెట్టుకోండి.

షీటు దాచే చోటు గురించి ఎవరూ చెప్పరు. పోపుల డబ్బా పక్కన పెడితే గుర్తుంటుందని పెడతారు. పొయ్యి వేడి, అన్నం గంజి ఆవిరి తగులుతూనే ఉంటాయి. 30 డిగ్రీలు దాటని పొడి చోట ఉండాలి. పడకగది అలమరాలో, పిల్లలకు అందని అరలో, రేకులోంచి ముందే తీసి డబ్బాలో పోసుకోకుండా ఉంచండి. లంక గ్రామాల వాళ్లు ఇంకోటి చూసుకోవాలి. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగి కాజ్‌వేలు మునిగితే పీహెచ్‌సీకి వెళ్లే దారి ఉండదు. వానాకాలానికి ముందే రెండు షీట్లు అదనంగా తెచ్చిపెట్టుకోవాలి. కొత్త షీటు అందక మాత్రలు ఆగిపోతే పాత బాధ తిరిగొచ్చి, పడ్డ శ్రమంతా మొదటికొస్తుంది.

మరిచిపోతే ఏం చేయాలి? ఒక్క తెల్ల మాత్ర తప్పితే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, ఆ రోజుది మామూలు టైముకే వేసుకోవాలి. ఒకే రోజు రెండు పడినా ఏం కాదు. రెండు రోజులు, అంతకు మించి తప్పితే వెంటనే ఒకటి వేసుకుని, అంతకు ముందు తప్పినవి పారేసి, మిగతావి వరసగా కొనసాగించాలి. గర్భం రాకూడదనుకుంటే 7 రోజులు కండోమ్ వాడాలి. ఆ తప్పడం మూడో వారంలో జరిగితే ఇనుము మాత్రల వారం వదిలేసి, తెల్లవి అవ్వగానే కొత్త షీటు తెల్లది మొదలుపెట్టాలి. వేసుకున్న మూడు గంటల లోపు వాంతి అయితే ఇంకొకటి వేసుకోవాలి. ఇనుము మాత్ర తప్పితే గర్భనిరోధానికి ఏమీ కాదు, కొత్త షీటు మొదలుపెట్టే రోజు మాత్రం తప్పకూడదు. జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. “ముట్టు ఇంకా ఆగలేదు, ఆగాక మొదలుపెడతాను” అని ఆగుతారు. ఆగకూడదు. తెల్లవి అయిపోయిన ఎనిమిదో రోజు ఎరుపు ఉన్నా లేకపోయినా కొత్త షీటే.

మొదటి మూడు నెలలు ఓపిక పట్టాలి. కాస్త వికారం, రొమ్ముల బరువు, మధ్యలో ఎరుపు మరకలు మామూలే. మొదటి షీటులో పది రోజుల పాటు మరకలు కనపడి “ఇంకా ఎక్కువైంది” అని మానేసేవాళ్లే ఎక్కువ. మూడో షీటుకు చాలామందికి సర్దుకుంటుంది. సర్దుకుంటోందా లేదా అన్నది మనసుతో కాదు, లెక్కతో చూడండి. గోడకున్న క్యాలెండర్ మీద తిథి పక్కనే రోజుకి ఎన్ని ప్యాడ్లో అంకె వేయండి. రూపాయి బిళ్ళ కన్నా పెద్ద గడ్డలు పడిన రోజు చుక్క పెట్టండి. రాత్రి లేచి మార్చుకోవాల్సి వస్తే గీత. నాలుగు, అయిదు, చుక్క, గీత అని నిండిపోయిన నెల పక్కన రెండు, రెండు, ఒకటి అని ఉన్న నెల కనపడితే ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఆ క్యాలెండర్ కాగితమే చింపి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. మూడు షీట్లు సరిగ్గా వాడినా గంటకో రెండు గంటలకో ప్యాడ్ తడిసిపోతుంటే అది మాత్రకు లొంగని కారణం, మళ్లీ పరీక్షలు కావాలి. మూడో నెల బీపీ చూపించుకోవడం మరవొద్దు. ఎండలో పనిచేసేవాళ్లకు బుగ్గల మీద మంగు రావొచ్చు. బరువు పెరుగుతారన్నది మాత్రం ఇలాంటి కలిపిన మాత్రల విషయంలో రుజువు కాలేదు.

రక్తం పోవడం తగ్గింది కదా అని నీరసం వెంటనే తగ్గదు. పోయింది పూడాలి. షీటులోని ఏడు ఇనుము మాత్రలు అందుకు చాలవు. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే, 8 కన్నా తక్కువైతే తీవ్రం, ఇంట్లో కూర్చుని చూసుకునేది కాదు. డాక్టరు రాసిన ఐరన్ మాత్ర టీ, కాఫీలకు గంట దూరంగా, నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. విరేచనం నల్లగా వస్తుంది, భయపడొద్దు. అంకె 12 దాటాక కూడా మూడు నెలలు కొనసాగించాలి, లేకపోతే నిల్వలు నిండవు. దీన్ని సగంలో ఆపేసి “మాత్రలు వాడినా ఆయాసం పోలేదు” అని మాత్రల మీద నింద వేస్తారు.

ఇక పండగలు. సంక్రాంతి, అన్నవరం వ్రతం, మాఘంలో అంతర్వేది కల్యాణం, 2027లో వచ్చే గోదావరి పుష్కరాలు. “డేటు వెనక్కి జరిపే బిళ్ళ ఇవ్వండి” అని షాపులో అడిగితే ఇచ్చేది నోరెథిస్టిరోన్ 5 మి.గ్రా. ముట్టు రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు నుంచి రోజుకు మూడు చొప్పున వాడితే, ఆపిన రెండు మూడు రోజులకు వస్తుంది. ముట్టు రేపో ఎల్లుండో అనగా మొదలుపెడితే చాలాసార్లు ఆగదు. ఆ వాడకంలో అది గర్భాన్ని ఆపదు, గర్భం అనుమానం ఉంటే వేసుకోకూడదు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే అసలే వద్దు. రోజువారీ మాత్ర వాడేవాళ్లకు దీని అవసరమే లేదు. తెల్లవి 21 అవ్వగానే ఇనుము మాత్రలు పక్కన పెట్టి, మర్నాడే కొత్త షీటు తెల్లది వేసుకుంటూ పోవాలి. వ్రతం అయిన రోజుతో ఆపి ఏడు రోజులు విరామం ఇస్తే సరి. నొప్పి మరీ ఎక్కువున్నవాళ్లకు డాక్టర్లు మూడు షీట్ల తెల్లవి వరసగా, అంటే 63, వాడి ఒక్కసారే విరామం ఇవ్వమనడమూ ఉంది. ఒకదానితో ఒకటి కలిపేయకండి: నోరెథిస్టిరోన్ ఒకటి, కలయిక తర్వాత వేసుకునే అత్యవసర మాత్ర ఇంకొకటి, రోజువారీ మాత్ర వేరొకటి. అత్యవసర మాత్రతో నెలసరి సర్దుకోదు, ఉన్న క్రమమూ చెడుతుంది.

మిగతా వాటిలో ఛాయ మాత్ర గురించి చెప్పాలి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన సెంట్‌క్రోమాన్ అది, హార్మోన్ కాదు, 30 మి.గ్రా. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. రక్తస్రావం తగ్గిస్తుంది, ముట్టు దూరం దూరం అవుతుంది. కానీ అండాశయాల్లో నీటిబుడగలు, అంటే పీసీఓడీ ఉన్నవాళ్లకు, ఈ మధ్య కామెర్లు వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు. ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ మూడు నెలలకొకటి, మొదట్లో ఎరుపు ఎప్పుడొస్తుందో తెలియదు, పోనుపోను చాలామందికి ఆగిపోతుంది. వేసిన చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. ఆపాక గర్భం రావడానికి నెలల తరబడి పట్టొచ్చు, కాబట్టి త్వరలో బిడ్డ కావాలనుకునేవాళ్లకు కాదు. రక్తం ఎక్కువ పోయేవాళ్లకు కాపర్-టీ వేయించడం పెద్ద పొరపాటు, అది రక్తస్రావాన్ని పెంచుతుంది. చూడటానికి దానిలాగే ఉండే లెవోనార్జెస్ట్రెల్ 52 మి.గ్రా. పరికరం దానికి సరిగ్గా వ్యతిరేకం. మూడు నుంచి ఆరు నెలలు మరకలు కనపడ్డా, ఆ తర్వాత తగ్గించడంలో మాత్రలకన్నా మిన్న. ఖర్చు ఒక్కసారే గట్టిగా పడుతుంది. గర్భసంచి తీయించుకోమన్న మాట విన్న ప్రతి ఒక్కరూ దీని పేరు పెట్టి డాక్టరును అడగాలి. హార్మోన్ వద్దన్నవాళ్లకు ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది, ఎరుపు ఎక్కువున్న నాలుగైదు రోజులే వాడేది. రోజువారీ గర్భనిరోధక మాత్రలతో కలిపి సొంతంగా వాడకూడదు.

పెళ్లికాని పిల్లకు ఇవా అని వెనకాడే తల్లులకు: పదహారేళ్ల పిల్ల నెలనెలా బడి మానేసి, హిమోగ్లోబిన్ 7కి పడిపోయి ఉంటే, డాక్టరు రాసిన మాత్ర వేయించడంలో తప్పేమీ లేదు. ఇవి వాడితే తర్వాత పిల్లలు పుట్టరన్నది అబద్ధం. ఆపాలనుకున్నప్పుడు షీటు మధ్యలో ఆపకుండా పూర్తిచేసి ఆపాలి. చాలామందికి నాలుగు నుంచి ఆరు వారాల్లో సొంత నెలసరి వస్తుంది, పాత బాధ ఉంటే దానితో పాటే వస్తుంది. మూడు నెలలు దాటినా రాకపోతే గర్భ పరీక్ష చేసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి, పాత క్యాలెండర్ కాగితాలు పట్టుకుని.